గట్టెక్కితే కూలి

ఫోను కొన్న మర్నాడు రామతులసి ముఠాలో ఎవరికీ పని మీద ధ్యాస లేదు. నడుములు వంగే ఉన్నాయి, చేతులు వాటి మానాన అవి నారు చీల్చి బురదలో గుచ్చుతూనే ఉన్నాయి, చెవులు మాత్రం గట్టు మీద ఉన్నాయి. గట్టు మీద తుమ్మ కొమ్మకి క్యారేజీల సంచీ వేలాడుతోంది. ఆ సంచీలో, పాలిథిన్ కవరులో చుట్టి, కవరు మీద మళ్ళీ జేబురుమాలు చుట్టి, ఆ ఫోనుంది. నల్లటిది, అరచేతిలో ఇమిడేది, నెత్తి మీద టార్చిలైటున్నది. రెండువేల నాలుగులో, ఆ సార్వా వరి ఊడ్పుల నాటికి, మొగల్తూరు చుట్టుపక్కల రైతుల జేబుల్లో సెల్లులు వచ్చేశాయి గానీ వాళ్ళ పేటలో ఇదే మొదటిది. అదీ ఆడదాని చేతిలో.

రామతులసి ఆడకూలీల ముఠాకి మేస్త్రి. ఊళ్ళో ఎవరి చేలో నాట్లు పడాలన్నా ఆవిడ మాటివ్వాలి. మాటిచ్చిందంటే మబ్బు పట్టినా ఒళ్ళు వెచ్చబడినా ముఠా ఆ చేలో దిగుతుంది. ఆ పేరు సంపాదించడానికి ఆవిడకి సగం వయసు పట్టింది, అందుకే ఆ పేరంటే ఆవిడకి ప్రాణం. ఫోను కొన్నది మాత్రం పేరు కోసం కాదు. కూతురు హారతి కాకినాడలో నర్సింగు చదువుతోంది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల ఆదివారం ఆదివారం సెంటర్లో ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేస్తే, బూత్ వాడు పేటకి కబురు పంపేవాడు. ఈవిడ పరుగెత్తుకెళ్ళేసరికి అవతల హాస్టల్లో లైనులో నిలబడ్డ వాళ్ళు పిల్లని తోసేసేవారు. తల్లీకూతుళ్ళు తిన్నావా అంటే తిన్నానని చెప్పుకోవడం తప్ప మరో మాట ఎరగరు. విసిగిపోయి మొగుడు చిట్టియ్యని వెంటబెట్టుకుని భీమవరం వెళ్ళి కొనేసింది.

పొద్దు నడినెత్తికి రాకముందే అది మోగింది. రామతులసి బురద తొక్కుకుంటూ గట్టెక్కి, బోదెలో చేతులు కడుక్కుని, కడిగినవి చాలవన్నట్టు చీరకి తుడుచుకుని, అప్పుడు తీసింది. హారతే. అంతే, వరసలన్నీ చెదిరిపోయాయి. ఒకావిడ ఏం కూర తిన్నావంటుంది, ఒకావిడ కాకినాడలో వాన పడుతోందా అంటుంది. ముఠాలో అందరికన్నా పెద్దది పాపాయి. ఆవిడ ఫోను తలకిందులుగా పట్టుకుని అరిచిన అరుపుకి పక్క చేలో బురద కలియదున్ని దమ్ము చేస్తున్న ట్రాక్టరు డ్రైవరు బండి ఆపి మరీ చూశాడు. సూది మందులు నేర్చుకుంటున్నావటగా, వచ్చాక ముందు మీ నాన్నకి పొడువమని పాపాయి చెబితే అవతల పిల్ల నవ్విన నవ్వు అందరికీ వినిపించింది. ఆ నవ్వు విని రామతులసికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఊడ్పుల్లో తన బిడ్డ నవ్వు వింటానని ఆవిడ ఎప్పుడైనా అనుకుందా?

వెనకబడ్డ వరసలు పూడ్చడానికి ఆ పూట ఆవిడ అందరికన్నా ముందు వంగి అందరికన్నా ఆఖరున లేచింది. మధ్యలో ఇంకోసారి మోగింది. ఈసారి చిట్టియ్య. సెంటర్లో కాయిన్ బాక్సులోంచి చేశాడు, ఆవకాయ జాడీ ఎక్కడ పెట్టావని. జాడీ ఎక్కడుంటుందో ఆయనకి తెలియదా? పెళ్ళాం ఫోన్‌లో ఎలా మాట్లాడుతుందో వినాలన్న సరదా, అంతే. పని పాడు చెయ్యకని కసిరి పెట్టేసింది గానీ, తిరిగి చేలోకి దిగేటప్పుడు ఆవిడ మొహం చూసిన వాళ్ళందరూ నవ్వారు.

ఆ రోజు సాయంత్రం పల్లంరాజుగారు ఫోన్ చేశారు.

పల్లంరాజుగారంటే ఊళ్ళో పెద్ద కమతం. కాలవ లాకు దాటాక కనుచూపు మేర ఆయనవే చేలు. ఎంత పెద్ద రైతయినా ఊడ్పుల రోజుల్లో మాత్రం సాయంత్రం పేటకి రావలసిందే. తూము దగ్గర స్కూటరాపి, పంచె ఎత్తిపట్టి, సందులో బురద తప్పించుకుంటూ నడిచొచ్చి రామతులసి గుమ్మంలో నిలబడాలి. ఆవిడ ముఠాని కేకేస్తుంది. ఏ చేను, ఎంత దూరం, దమ్ము అయిందా, కూలి ఎంత, అన్నీ అందరి ఎదుటా అడుగుతుంది. నారు ముదిరిందా లేతదా అని పాపాయి అడుగుతుంది. అందరూ ఊఁ అన్నాకే మేస్త్రి మాటిస్తుంది. పేటలో పిల్లలు కూడా చుట్టూ చేరి ఆ తంతు చూస్తారు. ఏడాదంతా వంగి దణ్ణాలు పెట్టే వాళ్ళకి అదొక్కటే కదా, పెద్దవాళ్ళు వాళ్ళ గుమ్మంలో నిలబడి అడిగే కాలం.

ఫోన్‌లో రాజుగారి గొంతు వినగానే రామతులసి గబుక్కున లేచి నిలబడింది, ఆయన ఎదురుగా ఉన్నట్టే. నలుగురికీ వినపడాలని, "ఆయ్, చెప్పండి రాజుగారూ" అని గట్టిగానే అంది. నీ నంబరు సెంటర్లో రీచార్జి కొట్టువాడిచ్చాడమ్మా, మంచి పని చేశావు, ఇక స్కూటరేసుకుని రావక్కర్లేదు అన్నారాయన. రేపు లాకు అవతల చేలోకి రమ్మన్నారు, కూలి మామూలేనన్నారు. ఆవిడ వస్తామండి అనేసింది. ఫోను కిందికి దించాక గానీ ఎవరినీ అడగలేదన్న సంగతి తట్టలేదు.

ఆ తర్వాత శివరామకృష్ణగారు వచ్చారు. చిన్న రైతు, సైకిలు మీద తిరిగే మనిషి. గుమ్మంలో నిలబడి రేపటికి రమ్మని అడిగితే, రాజుగారికి మాటిచ్చేశానండి, ఫోన్ చేశారు అని చెప్పింది. అవసరం లేకపోయినా ఆ ఫోన్ చేశారన్న మాట కలిపింది. ఆయన తలూపి, సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయారు.

పాపాయి మాత్రం ఊరుకోలేదు. మమ్మల్నడగలేదేంటే అంది. ఫోన్‌లో మాట్లాడుతూ మిమ్మల్నెలా అడగను పిన్నీ, ఆయనేమన్నా గుమ్మంలో నిలబడ్డారా అని రామతులసి విసుక్కుంది. పాపాయి నోట్లో వక్క ఆ దవడ నుంచి ఈ దవడకి మార్చుకుని లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు చీకటి విడుతుండగా బయల్దేరారు. కాలవ గట్టు మీద ఒకరి వెనక ఒకరు, భుజాన వానకి నెత్తిన వేసుకునే యూరియా సంచుల కొప్పులు, చేతుల్లో క్యారేజీలు. లాకు దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగింది. రామతులసి హారతేమో అనుకుని నవ్వు మొహంతో తీసింది.

"ఇవాళొద్దమ్మా, వెనక్కెళ్ళిపోండి. దమ్ము అవలేదు. రేపు చూద్దాం."

"లాకు దాకా వచ్చేశామండి రాజుగారూ."

"గట్టెక్కలేదు కదమ్మా. అందుకేగా ముందే చెప్తున్నాను."

ఆ ప్రాంతంలో అదొక కట్టుబాటు. ముఠా రైతు చేని గట్టెక్కిందంటే, పని ఉన్నా లేకపోయినా కూలి ఇవ్వాలి. దమ్ము అవలేదన్నా, నారు తీయలేదన్నా కుదరదు. గట్టెక్కితే కూలి. ఎప్పుడు పుట్టిందో ఎవరికీ తెలియదు గానీ ఏ రైతూ దాన్ని కాదన్నది లేదు. కాదనడానికి వీల్లేకపోయింది కూడా, దారిలో ఉన్న ముఠాకి కబురందించే దారి ఎవరికీ లేదు మరి. ఇప్పుడుంది. రామతులసి చేతిలోనే ఉంది.

ఎక్కేద్దాం పద, నాలుగడుగులేస్తే గట్టు అంది పాపాయి. ముందే చెప్పారు కదా పిన్నీ, ఇప్పుడు ఎక్కితే దౌర్జన్యం అవుతుంది అంది రామతులసి. పాపాయి ఆవిడ మొహంలోకి చూసి నెమ్మదిగా అడిగింది.

"అది నువ్వు ఎత్తకపోతే?"

రామతులసి ఫోను మళ్ళీ కవరులో చుట్టింది. అందరూ వెనక్కి తిరిగారు. వచ్చేటప్పుడు ముందు నడిచిన మేస్త్రి ఇప్పుడు అందరి వెనకా నడిచింది. దారిలో శివరామకృష్ణగారి చేలో అప్పటికే మొగల్తూరు నుంచి వచ్చిన ఆడవాళ్ళు దిగి ఉన్నారు. ఆయన గట్టు మీద నారు కట్టలు విసురుతూ వీళ్ళని చూశారు, ఏమీ అనలేదు. ఏమన్నా అని ఉంటే బాగుండుననిపించింది ఆవిడకి. ఇళ్ళకి చేరాక ఎవరి గుమ్మంలో వాళ్ళు కూర్చుని, చేలో తినవలసిన అన్నం అక్కడే తిన్నారు. ఊడ్పుల్లో ఒక రోజు పోతే అది మళ్ళీ ఏడాదికి గానీ రాదు.

మధ్యాహ్నం చిట్టియ్య వచ్చి చల్లగా చెప్పాడు. రాజుగారి చేలో నాట్లు పడుతున్నాయట. దమ్ము మొన్ననే అయిపోయిందట. ఊడుస్తున్నది కాలవ అవతలి బుల్లియ్య ముఠా.

రామతులసికి ఒళ్ళు మండిపోయింది. రాజుగారి మీద కన్నా ముందు తన మీద. ఆయ్ ఆయ్ అంటూ లేచి నిలబడిందే, దానికి మండింది. సాయంత్రం కుళాయి దగ్గర నీళ్ళు పడుతుంటే వెనక నుంచి ఎవరో అన్నారు, ఫోన్‌లో ఏం మాట్లాడుకున్నారో మనకేం తెలుసు అని. ఎవరన్నారో తిరిగి చూడలేదు. చూస్తే ఆ మనిషితో జన్మలో మాట్లాడలేనని భయం వేసింది. ఇన్నేళ్ళలో తన మాట మీద ఎవరికీ అనుమానం రాలేదు. ఎలా వస్తుంది, ప్రతి మాటా అందరి ఎదుటే పుట్టేది. ఇప్పుడు ఆ మాట తన ఒక్కదాని చెవిలో పుట్టింది.

ఇంటికొచ్చి బిందె దించి, ఈ దరిద్రాన్ని కాలవలో పారేస్తానంది. పారేయ్, రేపు హారతి చేస్తే చేపలెత్తుతాయి అన్నాడు చిట్టియ్య. ఇంకో సమయంలో అయితే నవ్వేది. కాసేపు గుంజకి చేరగిలబడి కూర్చుంది. అప్పుడు తోచింది ఆవిడకి: రాజుగారు నిన్న తనకి చేసినట్టే బుల్లియ్యకీ చేసి ఉండాలి. ఇద్దరినీ పిలిచి, ఒకరిని ఉంచుకుని ఒకరిని తిప్పి పంపారు. అంటే బుల్లియ్య దగ్గరా ఫోనుండాలి.

చిట్టియ్య సైకిలు మీద కాలవ దాటి వెళ్ళి బుల్లియ్య నంబరు అరచేతిలో రాయించుకుని వచ్చాడు. తొక్కుడుకి చెమట పట్టి ఆఖరి అంకె అలుక్కుపోయింది. ఒకటో ఏడో తెలియలేదు. ఆ సంగతి తర్వాత, ముందు అందరినీ పిలువంది రామతులసి. పాపాయి దగ్గర్నుంచి ముఠా మొత్తం వచ్చి చాప మీద, అరుగు మీద, సందులో కూర్చునేదాకా ఫోను ముట్టుకోలేదు. కూర్చున్నాక ఒకటి నొక్కింది. తణుకులో ఎవరో పెద్దాయన ఎత్తి చిరాకుపడ్డాడు. ఏడు నొక్కితే బుల్లియ్య దొరికాడు.

ఆ ఫోన్‌లో అవతలి గొంతు పైకి వినిపించే సదుపాయం లేదు. అందుకని ఆవిడే ఆ పని చేసింది. బుల్లియ్య ఒక మాట అనగానే ఆయన్ని ఆగమని, ఆ మాట ఉన్నదున్నట్టు ముఠాకి చెప్పి, ముఠా అన్నది మళ్ళీ ఆయనకి చెప్పింది. నిమిషాలు కరిగిపోతున్నా తొందరపడలేదు.

"బుల్లియ్యగారు అంటున్నారు, పోయిన వారం వాళ్ళనీ ఇలాగే లాకు దగ్గర్నుంచి తిప్పేశారట." ముఠాలో గుసగుసలు. "రామతులసి తక్కువ కూలికి ఒప్పుకుంది, నువ్వూ తగ్గించుకుంటే నిన్నే పెడతానన్నారట రాజుగారు. తగ్గించుకున్నారట ఈయన." ఈ మాట చెప్పి ఆవిడ ఫోను చెవి నుంచి దించింది. తల ఎత్తి అందరినీ చూసింది. "నేను తక్కువకి ఒప్పుకున్నానా పిన్నీ?"

"నువ్వెందుకొప్పుకుంటావే" అంది పాపాయి. "ఆ బుల్లియ్యనడుగు, చేను పూర్తయిందేమో."

అవలేదు. సగానికి పైగా మిగిలిపోయింది, నారు మాత్రం మొత్తం తీయించి కట్టలు చేలో పడేశారు. రేపటికి బుల్లియ్య వేరే చోట మాటిచ్చాడు. ఇక ఆ తర్వాత మాటలన్నీ గబగబా పడ్డాయి, ఇటు నుంచి అటూ అటు నుంచి ఇటూ. తేలినవి రెండు సంగతులు. ఒకటి, ఫోన్‌లో ఎవరికీ మాటివ్వకూడదు, కాలవకి ఇటైనా అటైనా. రెండోది చెప్పింది రామతులసే, చెప్పేటప్పటికి నిలబడి ఉంది. అవతల బుల్లియ్య ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాడట. తర్వాత, బావుందమ్మా, మేమూ అదే అంటాం అన్నాడట.

మర్నాడు ముఠాకి పక్క ఊళ్ళో సగం పూట పని దొరికింది. ఎండ తీవ్రంగా కాసింది. పొద్దెక్కాక ఫోన్ మోగితే రామతులసి మామూలుగా చేతులు కడుక్కుని ఎత్తింది. రాజుగారు రేపు రమ్మంటున్నారు. సాయంత్రం ఇంటికి రండి రాజుగారూ అంది మర్యాదగా. ఫోనుండగా ఇంటికెందుకమ్మా అన్నారాయన.

"ఫోను నా ఒక్కదానిదండి. పని అందరిదీ."

ఆయన పెట్టేశారు. కాసేపటికి, ముందు రాత్రి అనుకున్నట్టే, బుల్లియ్య దగ్గర్నుంచి మిస్డ్ కాల్ వచ్చింది. ఆయన్నీ అడిగారన్నమాట, ఆయనా ఇంటికే రమ్మన్నాడన్నమాట. ఆ సంగతి వరసలో ఈ చివర నుంచి ఆ చివరికి చెప్పుకున్నారు. మధ్యాహ్నం దాకా ఎవరూ వేరే మాట మాట్లాడలేదు. తీసిన నారు ఈ ఎండకి ఎన్నాళ్ళాగుతుందో అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు.

సాయంత్రం తూము దగ్గర స్కూటరాగింది. పల్లంరాజుగారు పంచె ఎత్తిపట్టుకుని సందులో నడిచొచ్చారు. గుమ్మం ముందు ముఠా అంతా ముందే కూర్చుని ఉంది. ఆయన్ని చూడగానే లేవబోయిన వాళ్ళు కూడా పాపాయి లేవకపోయేసరికి కూర్చుండిపోయారు. ఆయన రామతులసి వైపే చూస్తూ, నారు పండబారుతోందమ్మా, రేపు పొద్దున్నే దిగాలి అన్నారు.

"నాతో కాదండి, వాళ్ళతో చెప్పండి."

ఆయన తిరిగి వాళ్ళ వైపు చూశారు. ఇన్నేళ్ళుగా ఆయన చేలో వంగిన నడుములే గాని, మొహాలు ఆయన సరిగ్గా చూసినవి కావు. గొంతు సవరించుకుని, రండమ్మా అన్నారు. దమ్ము అయిందాండి అని పాపాయి అడిగింది. అయిందన్నారు. ఎప్పుడయిందండి అంది. ఆయన చెప్పులకంటిన బురద చూసుకున్నారు. పాపాయి తొందరపెట్టలేదు, వక్క నములుతూ కూర్చుంది.

అప్పుడు రామతులసి చెప్పింది. చేతులు కట్టుకోలేదు, గొంతు పెంచలేదు.

"ఇదివరకు గట్టెక్కితే కూలి అనేవాళ్ళం రాజుగారూ. అప్పుడు ఫోన్లు లేవు. ఇప్పుడు మీరు మమ్మల్ని ఎక్కడున్నా ఆపగలరు. అందుకని ఇక నుంచి గడప దాటితే కూలి. మా గడప దాటి బయటికి అడుగేశాక వద్దంటే, ఆ రోజు కూలి ఇవ్వాలి."

"ఇదెవరు పెట్టిన రూలమ్మా?"

"మేమేనండి. కాలవ అవతల బుల్లియ్యగారి ముఠా కూడా ఇదే అంటారు. కావాలంటే ఫోన్ చెయ్యండి."

ఆయన చెయ్యి జేబు మీదకి వెళ్ళి అక్కడే ఆగింది. బుల్లియ్యకి పొద్దుటే చేసి అడిగారు, ఇంకేం చేస్తారు. నిన్న మమ్మల్ని తిప్పి పంపారే, ఆ కూలి మాటేంటండి అని వెనక నుంచి ఎవరో అడిగారు. అయిపోయింది కదా అని ఆయన అనబోయి, కూర్చున్న వాళ్ళని ఒకసారి కలయజూసి, దీంతో కలిపి ఇస్తానన్నారు. మరి మాటిచ్చినట్టేనా అని అలవాటు కొద్దీ మేస్త్రినే అడిగారు. రామతులసి ముఠా వైపు చూసింది. వస్తామండి అంది పాపాయి. వస్తామండి అంది పక్కావిడ. ఒక్కొక్కరే అన్నారు, ఆఖరి మనిషి అనేదాకా ఆయన నిలబడి విన్నారు. రామతులసి గుంజ పట్టుకుని అలా వింటూ ఉండిపోయింది. తను మాటిచ్చిన ఏ రోజూ ఆవిడకి ఇంత గర్వంగా అనిపించలేదు.

తెల్లవారుతుండగా వాన దంచడం మొదలుపెట్టింది. కాలవ గట్టు కనబడ్డం లేదు. రామతులసి యూరియా సంచి కొప్పు పెట్టుకుని సందులోకి వచ్చి నిలబడింది. ఒక్కో ఇంట్లోంచి ఒక్కరే తల వంచి బయటపడి వానలో వరస కడుతున్నారు. అప్పుడు ఫోన్ మోగింది. కవరులోంచి తీయకుండానే చెవికి ఆనించుకుంది.

పల్లంరాజుగారు వాన గురించి రెండు మాటలన్నారు. చేలో నీళ్ళు నిలుస్తున్నాయన్నారు. తర్వాత కాస్త ఆగి, "గడప దాటారామ్మా?" అని అడిగారు.

రామతులసి ఫోనున్న చెయ్యి ముఠా వైపు బారగా చాపింది.

"రాజుగారు అడుగుతున్నారు, గడప దాటారా అని."

"దాటాం" అన్నారు అందరూ. ఆ వాన హోరులో కూడా అది సందు చివరిదాకా వినబడింది. ఆవిడ ఫోను మళ్ళీ చెవికి పెట్టుకుంది. ఆయనన్న మాట విని, ఫోను చీర మడతలో దోపుకుని, ముఠా వైపు తిరిగి, ఉన్నదున్నట్టు చెప్పింది.

"అయితే రండమ్మా అంటున్నారు."